బోర్డు మీద జావ వేళలు రాసిన పిన్నిగారికి

నిన్న రాత్రి కాకినాడ నుంచి ఇంటికొచ్చేశాం. నాన్నగారు వరండాలో మంచం మీద, తలకింద రెండు దిళ్ళతో పడుకుని ఉన్నారు. పదకొండు రోజులుగా నాకూ సరైన నిద్ర లేదు, రాతలో తప్పులుంటే మన్నించండి. ఫోన్లు చేసిన అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. అసలు ఒక్కరికి దణ్ణం పెట్టుకోవాలనే కూర్చున్నాను.

మాది ముమ్మిడివరం పక్కన పల్లె. నాన్నగారికి 63 ఏళ్ళు, సుగరు వచ్చి 22 ఏళ్ళు. కొబ్బరి దింపు రోజున చెట్ల కింద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడే మనిషి. సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచీ రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయిందనేవారు. రోజంతా వికారం. తెల్లవారుజామున వాంతయితే అందులో రాత్రి తిన్న అన్నం మెతుకు మెతుకుగా, గోంగూర ఈనెలతో సహా వచ్చేది. గ్యాస్ అన్నారు, పైత్యం అన్నారు. వెళ్ళిన ప్రతిచోటా ఒక ఇంజక్షను, ఒక చీటీ. ఐదు నెలల్లో పదకొండు కిలోలు తగ్గారు. ఆఖరికి కాకినాడ తీసుకెళ్తుంటే ఎదుర్లంక వంతెన దాటేలోపే రెండుసార్లు వాంతి. రెండోసారి పసరు తప్ప ఏమీ రాలేదు.

అక్కడి డాక్టరమ్మగారు రాత్రంతా పస్తు ఉంచి ఎండోస్కోపీ చేస్తే, పొట్టలో ఇంకా తిండి ఉంది. పుండు లేదు, గడ్డ లేదు, దారికి అడ్డం లేదు. "అడ్డమేమీ లేదమ్మా, పొట్టే కదలట్లేదు" అన్నారు. పొట్టని నడిపించే వేగస్ నరం ఏళ్ళ తరబడి సుగరు వల్ల దెబ్బతిందట. గ్యాస్ట్రోపరేసిస్ అంటారట. సుగరు బాగా పెరిగినప్పుడు ఆ ఉన్న కదలిక కూడా ఇంకా మందగిస్తుందట. ఇంకో సంగతి విన్నాక నా కాళ్ళు వణికాయి. తిన్నది పొట్ట దాటి కిందకి దిగకుండానే ముందు వేసుకున్న ఇన్సులిన్ పనిచేసేసి సుగరు పడిపోతోంది. నాన్నగారికి భోజనమయిన గంటకే చెమటలు పట్టి, మాట తడబడేది అందుకేనట. మేం నీరసం అనుకుని పడుకోబెట్టేవాళ్ళం.

సెలైన్ పెట్టారు, వాంతులతో పడిపోయిన పొటాషియం ఎక్కించారు, ఇన్సులిన్ తిన్న తర్వాతకి మార్చారు. నోటితో మాత్రం పలచటి జావే. పీచు ఉండకూడదు, నూనె ఉండకూడదు, రెండు గంటలకోసారి అరగ్లాసు, తాగాక గంటసేపు కూర్చోవాలి. సరేనన్నాను. బయటికొచ్చాక గాని తట్టలేదు, ఎక్కడ కాయను? లోపల క్యాంటీన్లో పూరీ, పులిహోర, ఉప్మా. గదిలో పొయ్యి పెట్టనివ్వరు.

గేటుకి ఎదురుగా రోడ్డు దాటితే చిన్న టిఫిన్ కొట్టు. నాలుగు బల్లలు, ఒక పెద్ద పెనం. ఎనిమిదింటి రద్దీలో వెళ్ళి, వడకట్టిన గంజి ఏమైనా దొరుకుతుందాండీ అని అడిగాను. లేదంటే ఇంకెక్కడికి వెళ్ళాలో తెలీదు. కొట్టు నడిపే పిన్నిగారు పెసరట్టు తిరగేస్తూనే అడిగారు.

"ఎవరికండీ?"

"మా నాన్నగారికండి. పొట్ట కదలట్లేదన్నారు."

"ఎన్నిసార్లు ఇమ్మన్నారండీ?"

"రెండు గంటలకోసారి. అరగ్లాసండి."

పెనం మీద నీళ్ళు చిలకరించి, ఒక్క క్షణం ఆగి, "సరేనండి. పదింటికి రండి" అన్నారు. అంతే. ఎంతవుతుందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

బియ్యం నూకలు కడిగి, చితికిపోయేదాకా ఉడికించి, పాత నూలు గుడ్డలో వడకట్టి, ఉప్పేసి, వెన్న తీసిన మజ్జిగ కలిపి ఇచ్చారు. మొదటి గ్లాసు నాన్నగారు అరగంట పట్టి తాగారు. నేను గిన్నె పట్టుకుని కూర్చున్నాను. వాంతి కాలేదు.

మర్నాడు పొద్దున్న ఆరింటికి ఫ్లాస్కు పట్టుకుని వెళ్ళాను. గోడకి ధరల బోర్డు ఉంటుంది, సుద్దతో రాసింది. ఇడ్లీ, పెసరట్టు, మినపరొట్టె, గారెలు, వాటి పక్కన అంకెలు. అన్నిటికంటే కింద కొత్తగా ఒక వరస: "నాన్నగారి జావ 6 - 8 - 10 - 12 - 2 - 4 - 6 - 8".

రెండోసారి చదువుకున్నాను. ఆవిడ నా మొహం చూసి, "మర్చిపోతానని రాసుకున్నానండి, నేను లేకపోతే మావాడికి తెలియాలి కదండీ" అన్నారు. మా నాన్నగారి పేరు ఆవిడకి తెలీదు. పేషెంటు అని రాయొచ్చు, గదినెంబరు రాయొచ్చు. నాన్నగారు అని రాశారు. ఐదు నెలలుగా అమ్మ ముందు ఏడవకుండా పట్టుకున్నదంతా ఆ బల్ల మీద కూలబడి ఏడ్చేశాను. టిఫిన్ తింటున్నవాళ్ళు చూస్తున్నారు. ఆవిడ ఓదార్చలేదు, ఏమీ అడగలేదు. రెండిడ్లీలు పెట్టి ప్లేటు నా ముందుకి జరిపి, "మీరు తినండి ముందు" అన్నారు.

మూడోరోజు, "అల్లం రసం రెండు చుక్కలు వేస్తే వికారం తగ్గుద్దేమోనండి, డాక్టరుగారిని అడిగి చెప్తారా" అన్నారు. తనకి తెలిసింది వేసెయ్యకుండా అడగమన్నారు. డాక్టరమ్మగారు కొద్దిగా వెయ్యొచ్చన్నారు. ఆదివారం కొట్టుకి సెలవని నాకు తెలీదు. ఆరింటికి వెళ్తే షట్టరు వేసి ఉంది. గుండె ఆగినంత పనయింది. కింద సందులోంచి వెలుతురు కనిపించి తట్టాను. లోపల ఒక్క పొయ్యి వెలుగుతోంది, దాని మీద ఒక్క గిన్నె. ఆ రోజు ఎనిమిదిసార్లూ ఆ గిన్నె కోసమే ఆవిడ ఇంటి నుంచి వచ్చారు.

అమ్మ, తమ్ముడు, మా ఆయన ఎవరి పని వాళ్ళు చేశారు, వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క బాధ చెప్పకుండా ఉండలేను. సుగరు వాళ్ళకి చేతిలో పెట్టే ఆహారం కాయితం మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఏళ్ళుగా అంటించి ఉంది. పీచు బాగా తినండి, రాగులు, ఆకుకూరలు, జామకాయ. చాలామందికి అది మంచిదే. పొట్ట కదలనివాళ్ళకి అదే లోపల ముద్దలా నిలిచిపోతుంది. అమ్మ ఐదు నెలలు భక్తిగా రాగి సంగటి, మునగాకు, కూరల్లో కొబ్బరికోరు పెట్టింది. వాంతయిన కొద్దీ ఇంకా శ్రద్ధగా పెట్టింది. ఇప్పుడు నావల్లే అని కుమిలిపోతోంది. వెళ్ళిన చోట్లలో ఒక్కరు "ఏం తింటున్నారు, వాంతిలో ఏం వస్తోంది" అని అడిగుంటే అమ్మకి ఈ బాధ ఉండేది కాదు.

మందు సంగతి కూడా. గ్యాస్‌కని ఇచ్చిన బిళ్ళలో లెవోసల్పిరైడ్ ఉంది. ఎన్నాళ్ళు వాడాలో చీటీ మీద లేదు. అయిపోయినప్పుడల్లా కొనుక్కొచ్చాం. నాన్నగారి చెయ్యి వణకడం, అడుగు చిన్నదవడం వయసు అనుకున్నాం. డాక్టరమ్మగారు చూడగానే అది ఆపించారు. ఇప్పుడిప్పుడే వణుకు తగ్గుతోంది. వాంతులకి ఇచ్చే మెటోక్లోప్రమైడ్‌కి కూడా నరాల ఇబ్బంది ఉందని, 12 వారాలు మించి వాడొద్దని అమెరికాలో 2009లోనే గట్టి హెచ్చరిక పెట్టారట. ఇప్పుడు ఈసీజీ తీశాకే పొట్టని కదిలించే డోంపెరిడోన్ రాశారు, అదీ తక్కువ మోతాదులో, ఎప్పటిదాకా వాడాలో తేదీ వేసి. ఆన్‌డాన్‌సెట్రాన్ వికారాన్ని ఆపుతుందే గాని పొట్టని కదిలించదని, అవసరమైనప్పుడే వేసుకోమని విడమరిచి చెప్పారు. పొట్ట ఎంత ఆలస్యంగా ఖాళీ అవుతోందో తేల్చే స్కాను కోసం ఈ మనిషిని కార్లో విశాఖ దాకా తీసుకెళ్ళాల్సొచ్చింది. తిన్న నాలుగు గంటలకి పదో వంతు మించి మిగలకూడదట. నాన్నగారికి మూడో వంతు పైన మిగిలింది. ఇంతమంది సుగరు వాళ్ళున్న మా కోనసీమలో ఆ పరీక్ష ఎందుకు ఉండదు?

నిన్న వచ్చేముందు పిన్నిగారి చేతిలో రెండువేలు పెట్టాను. రెండొందలు తీసుకుని, "నూకలకి చాలండి" అని మిగతావి నా చీర కొంగులో కట్టేశారు. బోర్డు మీద ఆ వరస అలాగే ఉంది. చెరిపెయ్యండి, ఇంక రాముగా అన్నాను. "రేపు చెరుపుతానండి. ఇల్లు చేరినట్టు ఫోన్ చెయ్యండి" అన్నారు. రాత్రి చేశాను. జావ ఎనిమిదింటిది తాగారా అని అడిగారు.

డాక్టరమ్మగారికి, రాత్రి డ్యూటీ సిస్టర్లిద్దరికీ దణ్ణాలు. అయ్యో, ఆయాగారిని మర్చిపోయాను, అర్ధరాత్రి దుప్పట్లు మూడుసార్లు మార్చి ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విశాఖ తీసుకెళ్ళిన డ్రైవర్ బాబు కూడా, కారుని నాన్నగారికి కనపడకుండా వెనక్కి తీసుకెళ్ళి అంతా తనే కడిగాడు. రెండో అంతస్తులో సెలైన్ స్టాండు అరువిచ్చిన పక్కగది వాళ్ళు, మీ పేరు అడగలేదు, మీ అబ్బాయి జ్వరం తగ్గిందా?