తిరువయ్యారు కావేరి గట్టు గురించి తమిళనాడు పర్యాటక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారాలు.

విజయవాడలో ఆర్కిటెక్చర్ చదువుతున్న నా విద్యార్థులతో ఇటీవల తిరువయ్యారు వెళ్ళివచ్చాను. త్యాగరాజస్వామి కీర్తనలు మా భాషలో ఉన్నా అవి పుట్టింది మీ కావేరి గట్టునే కనుక, ఆ చనువుతో ఈ లేఖను తెలుగులో రాసి తమిళ అనువాదాన్ని జతచేస్తున్నాను.

స్వామి నివసించిన తిరుమంజన వీధి, అయ్యారప్పర్ కోవెల, కావేరి స్నానఘట్టమైన పుష్యమండపం మెట్లు, స్వామి సమాధి, అన్నిటినీ పిల్లలు కాలినడకన తిరిగి కొలిచి గీశారు. ఏటి గట్టును కొత్తగా రూపొందించమంటే మొదట అందరూ గ్రానైటు పరిచిన పొడవాటి నడకదారి, వరుసగా దీపస్తంభాలు గీసుకొచ్చారు. మర్నాడు పొద్దున్నే మెట్ల మీద కూర్చున్నాం. ఒక పెద్దావిడ పక్కకు తిరిగి, పై మెట్టుకు అరచెయ్యి ఆనించి, ఒక్కో మెట్టూ రెండు పాదాలతో దిగి, నీళ్ళు చెంబుతో ముంచుకుని, తడిచీరతోనే వెనుదిరిగింది. ఆ రోజే పిల్లలు పాత కాగితాలు పక్కన పెట్టేశారు.

ఎగువన కావేరి మీదున్న మేట్టూరు ఆనకట్ట గేట్లు ఆనవాయితీగా జూన్ 12న తెరిచి జనవరి 28న మూస్తారు కాబట్టి, అవే మెట్లు కొన్నాళ్ళు నీటిలోనూ మరికొన్నాళ్ళు ఇసుక ముందూ ఉంటాయి. కావేరిని పూజించే తమిళుల పండుగ ఆడిపెరుక్కునాడు స్త్రీలు నీటి అంచుదాకా దిగాలి. అందుకే పిల్లల చివరి నమూనాలో కొత్త కట్టడం చాలా తక్కువ. ఉన్న మెట్లకు అదే రాతితో మరమ్మతు, చేతికి ఆసరాగా ఒక కమ్మీ, స్త్రీలు బట్టలు మార్చుకోవడానికి గది, వరదకు అందని ఎత్తున మరుగుదొడ్లు, నీడకు కానుగ, తెల్లమద్ది చెట్లు. ఆడవాళ్ళకు త్యాగరాజ ఆరాధనలో పాడే చోటు లేని రోజుల్లో దానికోసం పోరాడి, 1920లలో తన సొమ్ముతో సమాధికి గుడి కట్టించిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మగారు ఉన్న ఊరిలో, ఆ గదే ముందుగా కట్టాలని నా అభిప్రాయం.

సమాధి దగ్గరి ఖాళీ నేలకు మాత్రం సిమెంటు వేయించవద్దని ప్రత్యేకంగా వేడుకుంటున్నాను. పుష్య బహుళ పంచమినాడు వందలమంది ఒక్క గొంతుగా పంచరత్నాలు పాడుతుంటే మట్టినేల ఆ నాదాన్ని మెత్తగా ఇముడ్చుకుంటుంది. గట్టి గచ్చూ గోడలూ దాన్ని తిప్పికొట్టి పదాలను చెదరగొడతాయి. గట్టుకు గేటు, టిక్కెట్టు కూడా వద్దు. వారు వీరని చూడకుండా అందరి కోరికలూ తీరుస్తూ సాగే కావేరిని చూడమని స్వామి అసావేరి రాగంలో పాడింది ఈ నది గురించే.

తమిళంలో వివరాలు రాసిన పటాలు సిద్ధంగా ఉన్నాయి. విద్యార్థులు మీ ఎదుట వాటిని పరిచి చూపడానికి ఒక గంట సమయం ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఆర్కిటెక్చర్ అధ్యాపకురాలు,
విజయవాడ