ముందు వేడి లెక్క, ఆ తర్వాతే స్థలం: కోజనరేషన్ కొటేషన్లలో మార్పు

కస్టమర్లందరికీ నమస్కారం. ఇకమీదట కరెంటు బిల్లు, ఖాళీ స్థలం కొలతలు మాత్రమే చూసి కోజనరేషన్ (ఒకే ఇంజిన్‌తో కరెంటు, వేడి రెండూ తీసే ఏర్పాటు) కొటేషన్ ఇవ్వం. ఏ గంటలో ఎంత వేడి వాడారో ఏడాది లెక్క కావాలి. అది లేనిచోట బాయిలర్ ఫీడ్ లైన్‌కు ఫ్లో మీటరు బిగించి, సెలవు రోజులతో సహా నాలుగు వారాలు రికార్డు చేస్తాం. పని ఆలస్యమవుతుంది, కొన్ని ఆర్డర్లు చేజారతాయి. తెలిసే చేస్తున్నాం.

ఎందుకంటే, 1,000 కిలోవాట్ల గ్యాస్ ఇంజిన్ కరెంటుతో పాటు దాదాపు అంతే వేడినీ ఇస్తుంది. ఆ వేడిలో సుమారు సగం జాకెట్ నీళ్లలో, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లలో, 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆవిరి మాత్రం పొగ నుంచే వస్తుంది, గంటకు 600–700 కిలోలు. వేడినీళ్లతో పనిలేని ఫ్యాక్టరీలో జాకెట్ వేడంతా రేడియేటర్ ఫ్యాన్ల పాలే. లాండ్రీ, పాల ప్రాసెసింగ్, అద్దకాల యూనిట్లకు ఇది నప్పేది అందుకే: వాటికి ఆవిరి, వేడినీళ్లు రెండూ కావాలి.

చాలామంది పట్టించుకోనిది రిటర్న్ నీళ్ల సంగతి, అంటే వేడి ఇచ్చేసి ఇంజిన్‌కు తిరిగొచ్చే నీళ్లు. అవి సుమారు 70 డిగ్రీలు దాటకుండా ఇంజిన్‌కు చేరాలి. నీళ్లను దారి మళ్లించే త్రీవే వాల్వ్ సరిగా మూసుకోక, ఇంజిన్ నుంచి వచ్చే వేడి సప్లై నీళ్లు నేరుగా రిటర్న్‌లో కలిస్తే వాటి వేడి 80 డిగ్రీలకు పోతుంది. ఇంజిన్ లోడ్ తగ్గించుకుంటుంది, లేదంటే ట్రిప్ అయి ఆగిపోతుంది. ఇంజిన్‌ను తిట్టే ముందు వాల్వ్‌కు అటూ ఇటూ పైపును థర్మామీటర్‌తో చూడండి.

ఊరి మధ్య స్థలమైతే ఇంకో చిక్కు, శబ్దం. కానపీ (ఇంజిన్ చుట్టూ ఉండే శబ్దం ఆపే పెట్టె) ఎక్కువ ఫ్రీక్వెన్సీ మోతను ఆపుతుంది గానీ, ఎగ్జాస్ట్ తక్కువ ఫ్రీక్వెన్సీ హోరు గోడలు దాటి పక్కింటి కిటికీ అద్దాన్ని అదిరిస్తుంది. ఆ ఫ్రీక్వెన్సీకి తగిన సైలెన్సర్, స్ప్రింగ్ మౌంట్లు, పైపులకు బెలోస్ (అదురు పాకకుండా వంగే జాయింట్లు) మొదటి డ్రాయింగ్‌లోనే ఉండాలి. పొగగొట్టం పక్క భవనం కంటే పొట్టిగా ఉంటే గాలి ఆ పొగను కిందికే తోస్తుంది. పది టన్నులు దాటే ఇంజిన్ జనరేటర్ సెట్‌ను దించడానికి, ఓవర్‌హాల్‌కు మళ్లీ ఎత్తడానికి క్రేన్ వచ్చే దారీ చూస్తాం.

పునాది తవ్వకముందే విద్యుత్ సంస్థ నుంచి ఫాల్ట్ లెవెల్, అంటే షార్ట్ సర్క్యూట్ అయితే వాళ్ల లైన్ నుంచి ఎంత కరెంటు దూసుకొస్తుందో, రాతపూర్వకంగా తీసుకోండి. జనరేటర్ ఫాల్ట్ కరెంటు కలిశాక ఆ మొత్తాన్ని మీ స్విచ్‌గేర్ (బ్రేకర్లు, స్విచ్‌లున్న ప్యానెల్) తట్టుకోలేకపోతే దాన్ని మార్చాల్సిందే. ఆ ఖర్చు మా పాత కొటేషన్లలో విడిగా చూపించలేదు; అది మా పొరపాటు.

ఇప్పటికే కొటేషన్ తీసుకున్నవాళ్లకు కొత్త లెక్క ఉచితంగా చేస్తాం. ఏడాదికి 5,000 గంటలు వేడి ఖర్చు కాని చోట చిన్న ఇంజిన్ చెబుతాం, అదీ కుదరకపోతే వద్దనే చెబుతాం.