టెడ్డీని విప్పి పంపిన సికింద్రాబాద్ బాబాయిగారికి

బాబాయిగారు తన పేరు రాయొద్దన్నారు, ఫొటో పెట్టొద్దన్నారు. రెండూ చేయను. కానీ ఆయన చేసిన పని నలుగురికీ చెప్పకుండా ఉండడం నా వల్ల కావడం లేదు. నిద్రలు లేక కళ్లు మండుతున్నాయి, రాతలో తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి. మా అత్తయ్య నిన్న ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చారు. ఇప్పుడు పక్క గదిలో బుజ్జిగాడిని పొట్ట మీద పెట్టుకుని నిద్రపోతున్నారు.

బుజ్జిగాడంటే నేను కుట్టిన టెడ్డీ బేర్. 14 అంగుళాలుంటాడు, తేనె రంగు. టెడ్డీలు కుట్టడం నాకు పిచ్చి. రాజమండ్రిలో ఈ పిచ్చి ఉన్నవాళ్లు నాకు తెలిసి ఇంకెవరూ లేరు. అత్తయ్యకు అల్జీమర్స్. మా పేర్లన్నీ ఒక్కొక్కటే పోయాయి. ఒకరోజు నా కుట్టు బల్ల మీద ఆరబెట్టిన టెడ్డీని తీసుకెళ్లి భుజాన వేసుకుని జోకొట్టడం మొదలుపెట్టారు. మళ్లీ ఇవ్వలేదు. బుజ్జిగాడనే పేరూ ఆవిడ పెట్టిందే. పసిపిల్లాడిలా చేతికి బరువు తెలియాలని వాడి పొట్టలో సైకిల్ షాపులో దొరికే స్టీలు బేరింగు గోళీలు రెండు పొరల గుడ్డ సంచిలో కుట్టి పెట్టాను. మిగతా ఒళ్లంతా అత్తయ్య పాత దిండులోని బూరుగు దూదే. కళ్లు పీకి నోట్లో పెట్టుకుంటారేమోనని గాజు కళ్లు తీసేసి నల్ల దారంతో కుట్టాను.

అత్తయ్య తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్‌కి తీసుకెళ్తూ బుజ్జిగాడిని మంచం మీదే ఉంచమన్నారు. వెనక్కి వచ్చేసరికి మంచం మీద కొత్త దుప్పటి ఉంది, వాడు లేడు. పాత దుప్పట్లతో పాటు మూటకట్టి లాండ్రీకి పంపేశారు. లాండ్రీ వేరే కాంట్రాక్టరుదట. వార్డువాళ్లు హౌస్‌కీపింగ్‌ని అడగమన్నారు, హౌస్‌కీపింగ్ వాళ్లు లాండ్రీని అడగమన్నారు, లాండ్రీ వాళ్లు ఫోనెత్తలేదు. చివరికి కౌంటర్‌లో అమ్మాయి "బొమ్మే కదా మేడమ్, కింద షాపులో టెడ్డీలున్నాయి" అంది. ఆ అమ్మాయిని ఏమనాలి? తనకేం తెలుసు.

పెద్దవాళ్లకు మత్తుమందు, నొప్పి, కొత్త చోటు కలిసి ఆపరేషన్ తర్వాత డెలీరియం, అంటే మతి చెదిరినట్టు అయోమయం, వస్తుందని డాక్టర్లు ముందే చెప్పారు. చెప్పడం వేరు, కళ్లారా చూడడం వేరు. అత్తయ్య చేతికున్న సెలైన్ సూది పీకేశారు. నోట్లో ముద్ద పెడితే ఉమ్మేశారు. రాత్రంతా రెండు చేతులతో దుప్పటి తడుముతూనే ఉన్నారు. ఎముక ఆపరేషన్ తర్వాత త్వరగా లేపి నడిపించకపోతే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుందని ఫిజియో అబ్బాయి ఒకటే కంగారు. ఆవిడేమో చెయ్యి వేస్తే చాలు కేకలు.

ఇంట్లో ఉన్న నా టెడ్డీలన్నీ తెచ్చి చూపించాం. ఒక్కొక్కదాన్నీ నిమిరి పక్కకు తోసేశారు. ముఖం కేసి చూడనైనా లేదు, నిమిరి తోసేశారు. అప్పుడర్థమైంది, ఆవిడకు గుర్తున్నది వాడి ముఖం కాదు, వాడి బొచ్చు.

ఇక్కడ కొంచెం బట్ట సంగతి చెప్పాలి. మంచి టెడ్డీలు కుట్టేది మొహేర్‌తో. అది అంగోరా మేక బొచ్చు. నూలు నేత మీద ఆ బొచ్చు నిలబడేలా నేస్తారు. 1902లో జర్మనీలో రిచర్డ్ స్టైఫ్ అనే ఆయన తన మేనత్త మార్గరెట్ స్టైఫ్ కంపెనీలో కాళ్లూ చేతులూ కదిలే ఎలుగుబంటి బొమ్మ తయారుచేసినప్పుడు వాడింది ఇలాంటి మొహేరే. ఇన్నేళ్లయినా మాలాంటి వాళ్లం దీన్ని వదల్లేదు. మన తాడితోట మార్కెట్లో ఎంత వెతికినా దొరికేది పాలిస్టర్ ఫర్ క్లాతే. అది అరచేతి కింద జారిపోతుంది. మొహేర్ జారదు, వేళ్లను పట్టుకుంటుంది. అందులోనూ రకాలు, పొడుగు బొచ్చు, పొట్టి బొచ్చు, వంకీలు తిరిగింది, నలిగినట్టు కనిపించేది. బుజ్జిగాడిది నలిగిన రకం. ఆ రంగూ ఆ రకమూ ఇప్పుడు రావడం లేదు.

ఆ బట్ట కొన్నేళ్ల కిందట మా టెడ్డీల వాట్సాప్ గ్రూపులో నలుగురం కలిసి తెప్పించుకున్న ఒక మీటరు. విదేశాల నుంచి పావు మీటరు తెప్పించుకుంటే బట్ట ఖరీదు కన్నా పోస్టు ఖర్చే ఎక్కువవుతుంది, అందుకని పంచుకుంటాం. కోయంబత్తూరు, పుణె, సికింద్రాబాద్, నేను. ఒకరి ముఖం ఒకరం చూసింది లేదు. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని గ్రూపులో పెట్టాను, ఆ తేనె రంగు ముక్క ఎవరి దగ్గరైనా ఏ కొంచెమైనా మిగిలిందా అని. కోయంబత్తూరు అక్క తనది ఎప్పుడో కుట్టి ఎవరికో ఇచ్చేశానంది. పుణె ఆవిడ బీరువా తీసి చూస్తే చిమటలు కొట్టేసి జల్లెడైపోయిందట. ఫొటో పెట్టి పాపం తనే ఏడ్చింది. సికింద్రాబాద్ నుంచి ఆ రాత్రి ఏ జవాబూ లేదు.

సికింద్రాబాద్ బాబాయిగారు గ్రూపులో ఎప్పుడూ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఎవరైనా కీలు బిగుసుకుపోయిందనో వదులైందనో అంటే ఏ సైజు బోల్టు వేయాలో ఒక్క ముక్కలో చెప్పి వెళ్లిపోతారు. ఆయన కుట్టిన టెడ్డీల ఫొటోలు కూడా అరుదు. నేను చూసింది ఒక్కటే, 16 అంగుళాలది, ఒక చెవి కొంచెం కిందికి ఉంటుంది. ఆయన మొదటి టెడ్డీ అది.

తెల్లారేసరికి ఆయన దగ్గర్నుంచి ఒక ఫొటో వచ్చింది. ముందు నాకేమీ అర్థం కాలేదు. న్యూస్‌పేపరు పరిచి దాని మీద తేనె రంగు బట్ట ముక్కలు వరసగా పెట్టారు. తల పక్కలు రెండు, మధ్య పట్టీ, చెవులు, చేతులు, కాళ్లు, ఒళ్లు. ప్రతి ముక్కనూ తిరగేసి వెనక నూలు మీద పెన్సిలుతో రాసి ఉంది: "ఎడమ చెయ్యి లోపలిది", "కుడి కాలు బయటిది". ప్రతిదాని మీదా బొచ్చు ఏ వైపుకు వాలుతుందో చెప్పే బాణం గుర్తు. కాసేపటికి గానీ వెలగలేదు నాకు. ఆయన దగ్గర మిగిలిన బట్ట ఏమీ లేదు. రాత్రి కూర్చుని తన టెడ్డీ కుట్లన్నీ విప్పేశారు. దూది తీసి, ముక్కలు ఉతికి, ఆరబెట్టి, కెటిల్ ఆవిరి పట్టి దువ్వారు.

టెడ్డీ కుట్టేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకు చెప్తున్నాను. కుట్టడం కన్నా విప్పడం కష్టం. బొచ్చులో దారం కనపడదు. బ్లేడు కాస్త పక్కకు జరిగితే బట్ట తెగుతుంది. అరవై దాటిన కళ్లతో రాత్రంతా ఆ పని చేశారాయన.

ఫోన్ చేశాను. మాట పెగల్లేదు. ఆయనే అన్నారు: "ఏడ్వకమ్మా. ఎలుగుబంటిదేముంది, మళ్ల కుట్టుకుంటా. మీ అత్తమ్మకు గిప్పుడు కావాలె గదా. నాది పదహారు అంగుళాలు, నీది పద్నాలుగు. నీ కటింగ్ పేపరు నా ముక్కల మీద సక్కగ కూసుంటది, నేను కొలిచి సూసిన."

కొలిచి చూశారట. విప్పకముందు కొలిచారో, విప్పాక కొలిచారో అడగలేదు. నాకు ధైర్యం చాలలేదు.

ఆ సాయంత్రమే పార్సిల్ తీసుకుని సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్లారు. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రిలో పార్సిల్ అందించేవాళ్లెవరైనా ఉన్నారా అని బోగీలో అడిగి ఒక అబ్బాయి చేతికిచ్చి, వాడి సీటు నంబరూ ఫోన్ నంబరూ నాకు పంపారు. తెల్లవారుజామున మావారు ప్లాట్‌ఫారం మీదికి వెళ్లి తీసుకున్నారు.

పేపరు ఆయన అన్నట్టే కూర్చుంది, తల మధ్య పట్టీ ఒక్కటి తప్ప. అక్కడ ముక్కు దగ్గర కొంచెం తగ్గింది. చెవుల ముక్కల్లోంచి అతుకేయమన్నారు, బొచ్చు ఒకే వైపుకు వాలేలా చూసి. విప్పిన అంచుల పోగులు ఊడిపోకుండా పల్చగా ఫెవికాల్ రాయమన్నారు. ఆస్పత్రి వరండాలో కుర్చీ మీద కూర్చుని చేత్తోనే బ్యాక్ స్టిచ్ వేశాను. ఫోన్ ఎదురుగా పెట్టుకుని వీడియో కాల్‌లో ఆయన అర్ధరాత్రి దాటేదాకా నాతోనే ఉన్నారు. వెనక నుంచి వాళ్లావిడ "ఆ పిల్లను ఇంత చాయ్ తాగి కుట్టుమను" అనడం వినపడుతూనే ఉంది. కుట్టులో ఇరుక్కున్న బొచ్చును సూది మొనతో ఒక్కొక్క పోగే బయటకు లాగాలి. నాకు ఓపిక అయిపోయి ఇక చాలు కనపడదులే అంటే, "కనపడదు గానీ తెలుస్తది. ఆమె చేతుల్తోనే సూస్తది గదా" అన్నారు. మళ్లీ మొదట్నుంచీ లాగాను.

కీళ్లకు హార్డ్‌బోర్డు బిళ్లలు పెట్టి బోల్టులు బిగిస్తుంటే వాచ్‌మన్ వచ్చి స్పానరెందుకమ్మా అని నిలదీశాడు. టెడ్డీ భుజం చూపించాను. చూసి, టార్చి వేసి పట్టుకున్నాడు.

దూది మాత్రం ఇంట్లోదే, అత్తయ్య దిండులో మిగిలినదే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండులో టెడ్డీలను ఎక్కువగా తెల్ల బూరుగు దూదితో నింపేవారు, జర్మనీ వాళ్లు సన్నటి చెక్క పీచు కూరేవారు. పాత టెడ్డీని నొక్కితే కరకరమంటుందా, మెత్తగా దిగుతుందా అని చూసి ఎక్కడిదో చెప్పేవాళ్లు ఉన్నారు. ఇది బాబాయిగారే ఆ రాత్రి నాకు నిద్ర రాకుండా చెప్పిన కబురు.

వాడిని తీసుకెళ్లి అత్తయ్య చేతుల్లో పెట్టాను. నిమిరారు. చెవి పట్టుకున్నారు. పైకెత్తి బరువు చూశారు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని నావైపు కోపంగా చూసి, "వీడికి నీళ్లు పోశారా?" అన్నారు.

అన్ని రోజుల్లో ఆవిడ నోట వచ్చిన మొదటి పూర్తి మాట అది. పోశామన్నాను. "జలుబు చేస్తుంది" అని పైట కప్పారు వాడికి. ఆ పూట ఇడ్లీ తిన్నారు. మర్నాడు వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేశారు, బుజ్జిగాడిని ఫిజియో అబ్బాయి ఎత్తుకుని ముందు నడిస్తే.

మావారు, మా ఆడపడుచు, పిల్లలు అందరూ చేశారు. చేయకుండా ఎలా ఉంటారు. వాళ్లకు విడిగా చెప్పేదేముంది.

ఇక ఆ విదేశీ పార్సిల్ గురించి చెప్పకపోతే నా కడుపుమంట తీరదు. బాబాయిగారి ఫొటో రాకముందే, దగ్గర రంగు అయినా దొరుకుతుందేమోనని వేరే దేశం షాపులో అర మీటరు ఆర్డరు పెట్టాను, త్వరగా రావాలని ఎక్కువ డబ్బు కట్టి. మన దేశంలోకి వచ్చింది, ఆగిపోయింది. ఇది బొమ్మా, బొమ్మ విడిభాగమా, అమ్మకానికా, సర్టిఫికెట్ ఏదీ అని కస్టమ్స్ వాళ్ల ఉత్తరం. బొమ్మలకు ఐ.ఎస్.ఐ. మార్కు ఉండాలన్న నియమం 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది, పిల్లల కోసం అది మంచిదే, కాదనను. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు, మన దగ్గర తయారీ పెరగాలని. అదీ సరే. కానీ నేను తెప్పించుకున్నది బట్ట! ఇక్కడ కూర్చుని ఇక్కడే బొమ్మ తయారుచేసుకునే మనిషికి కావలసిన బట్ట. ఆ బట్ట మన దగ్గర దొరకదు. ఫోన్ చేస్తే మెయిల్ పెట్టమంటారు, మెయిల్ పెడితే మీ అభ్యర్థన అందింది అని యంత్రం జవాబిస్తుంది. ఒక ముసలావిడ దుప్పటి తడుముకుంటోందని ఏ కాలమ్‌లో రాయాలి?

ఆస్పత్రి మీద కూడా ఫిర్యాదు రాసిచ్చాను. పరిశీలిస్తామన్నారు. డాక్టర్లనూ నర్సులనూ నేనేమీ అనడం లేదు, వాళ్లు బాగా చూశారు. రోగి సామాను ఎవరి బాధ్యతో మాత్రం ఆ భవనంలో ఎవరికీ తెలియదు.

అయ్యో, రైల్లో పార్సిల్ తెచ్చిన అబ్బాయి! కాకినాడలో చదువుకుంటున్నాడట, సామర్లకోట దాకా టికెట్టు. దిగి ఇచ్చి మళ్లీ పరుగెత్తి ఎక్కాడని మావారు చెప్పారు. బాబూ, ఇది చూస్తే మా ఇంటికి భోజనానికి రా. పాదాలకు వేయడానికి ఊలు ఫెల్ట్ పంపిన కోయంబత్తూరు అక్క, ఇంగ్లండులోని లెస్టర్‌లో ఉంటూ ఈ రంగు కోసం అక్కడి షాపులన్నిటికీ ఫోన్ చేసి కనుక్కున్న తెలుగమ్మాయి, గోళీలకు డబ్బులు తీసుకోని సైకిల్ షాపాయన, అందరికీ దండాలు.

ఇంకా, నైట్ డ్యూటీ ఆయమ్మ. ఆవిడ గురించి ముందే రాయాల్సింది. బుజ్జిగాడు లేని రాత్రుల్లో తువ్వాలును చుట్టి, తలలా ముడేసి అత్తయ్య పక్కలో పెట్టింది ఆవిడే. ఆ కాసేపైనా అత్తయ్య కునుకు తీశారు. ఎవరూ చెప్పలేదు ఆవిడకు, తనకే తోచింది. ఆ తువ్వాలుకు మాకు బిల్లు వేశారు, అది వేరే సంగతి.

పార్సిల్ ఎప్పుడొచ్చినా ఆ అర మీటరు బాబాయిగారిదే. ముదురు గోధుమ రంగు, ఆయనకు ఏ రంగైనా పర్లేదట. ఆయన బిళ్లలూ బోల్టులూ దాచే ఉంచారు, కళ్లు మాత్రం పగిలాయి. 16 అంగుళాల టెడ్డీకి సరిపోయే నల్ల గాజు కళ్ల జత ఎవరి దగ్గరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, డబ్బులు వెంటనే పంపిస్తాను. ఆయనకు చెప్పొద్దు.