ఖాళీ తూటా కేసు (ఇత్తడి తొడుగు) గురించి కాలిఫోర్నియా అటార్నీ జనరల్ గారికి బహిరంగ లేఖ

కాలిఫోర్నియా అటార్నీ జనరల్ రాబ్ బొంటా గారికి నమస్కారం.

నేను బే ఏరియాలో స్థిరపడిన తెలుగువాణ్ణి. గ్రీన్ కార్డు ఉంది, సొంత రైఫిల్ ఉంది. షూటింగ్ రేంజ్‌లో కాగితం టార్గెట్ల మీద కాల్చడం, కాల్చిన తూటాల ఖాళీ కేసులు ఏరుకొచ్చి గ్యారేజీలో మళ్లీ నింపుకోవడం (రీలోడింగ్) నా హాబీ. మందుగుండు మీద చట్టాలు వద్దని వాదించడానికి ఈ లేఖ రాయడం లేదు. చట్టాలు ఉండాల్సిందే. అవి ఏమంటున్నాయో మామూలు మనిషికి అర్థం కావాలి కదా, అదే నా బాధ.

రీలోడింగ్ అంటే తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. తూటా పేలాక బులెట్ వెళ్లిపోతుంది, పౌడర్ కాలిపోతుంది, ఇత్తడి కేసు మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి ప్రెస్‌కి బిగించిన డై (అచ్చు)లోకి తోస్తే, ఉబ్బిన ఒళ్లు మళ్లీ కొలతకు వస్తుంది, అడుగున పేలిపోయిన ప్రైమర్ (పౌడర్‌ను అంటించే చిన్న బిళ్ల) ఊడి కింద పడుతుంది. ఆ తర్వాత కొత్త ప్రైమర్ కూర్చోబెట్టి, పౌడర్ తూచి పోసి, పైన బులెట్ దించాలి. తూకం గ్రెయిన్లలో ఉంటుంది. పౌండుకి 7,000 గ్రెయిన్లు. మేం గ్రెయిన్‌లో పదో వంతు తేడా కూడా చూసుకుంటాం. కేసు మూతి దగ్గర సన్నని పగులు కనిపించినా అది చెత్తబుట్టలోకే. ఇంత జాగ్రత్తగా పనిచేసేవాళ్లం, చట్టం దగ్గరికి వచ్చేసరికి అంచనాల మీద బతుకుతున్నాం.

నా బల్ల మీదున్న ఒక ఖాళీ కేసునే తీసుకోండి. 1968 నాటి ఫెడరల్ (అంటే దేశమంతటికీ వర్తించే) గన్ కంట్రోల్ చట్టం లెక్కలో అది మందుగుండే. నిండు తూటాయే కాదు, కేసు, ప్రైమర్, బులెట్, పౌడర్ విడివిడిగా కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి. మన రాష్ట్ర పీనల్ కోడ్ 16150వ సెక్షన్‌లోనేమో, అమ్మకాల వరకు పూర్తిగా నింపిన తూటా మాత్రమే మందుగుండు. అందుకే 2019 జూలై 1 నుంచి తూటాల పెట్టె కొనేవాళ్లకు బ్యాక్‌గ్రౌండ్ చెక్ (కొనే అర్హత ఉందో లేదో చూసే తనిఖీ) ఉంది, ఖాళీ కేసులు కొనేవాళ్లకు లేదు. అదే సెక్షన్ ఇంకాస్త కిందికి చదివితే, తుపాకీ ఉంచుకోకూడని వ్యక్తుల విషయంలో విడి బులెట్ కూడా మందుగుండే, తూటాలు పెట్టుకునే ఖాళీ మ్యాగజైన్ కూడా మందుగుండే. ఏ వస్తువు, ఎవరి చేతిలో, ఏ చట్టం కింద అనే మూడూ తెలిస్తే తప్ప జవాబు దొరకదు.

ఇది ఎక్కువగా తగిలేది వీసా మీద ఉన్నవాళ్లకు. హెచ్‌-1బీ మీద పనిచేసేవాళ్లు, ఎఫ్‌-1 మీద చదువుకునేవాళ్లు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ మందుగుండు గానీ దగ్గర ఉంచుకోకూడదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు దొరుకుతుంది. మిగతా మినహాయింపులు మామూలు ఉద్యోగికి పనికొచ్చేవి కావు. మావాళ్లలో ఎంతమందికి తెలుసు ఈ సంగతి? ఆఫీసు స్నేహితులంతా కలిసి శనివారం రేంజ్‌కి వెళ్తారు, తుపాకీ అద్దెకు తీసుకుంటారు, ఫొటోలు దిగుతారు, గుర్తుగా ఒక ఇత్తడి కేసు జేబులో వేసుకుంటారు. చట్టాన్ని అక్షరాలా చదివితే ఆ కేసు జేబులో ఉండటమే నేరం. 2022 సవరణ తర్వాత దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికీ అదే ఆధారం అవుతుంది.

ఖాళీ కేసు కోసం ఎవరు పట్టుకుంటారులే అంటారు. పట్టుకోరేమో. కానీ 2019లో సుప్రీంకోర్టు తేల్చిన రెహైఫ్ కేసు మొదలైంది ఫ్లోరిడాలోని ఒక రేంజ్‌లోనే. యూఏఈ నుంచి చదువుకోవడానికి వచ్చి, యూనివర్సిటీ తీసేశాక కూడా ఇక్కడే ఉండిపోయిన యువకుడు అక్కడ తుపాకులు కాల్చాడు. తన వీసా హోదా పోయిందని అతనికి తెలుసని ప్రాసిక్యూషన్ నిరూపించాలని కోర్టు చెప్పింది. ఆ ఒక్క మాట తేలడానికి కేసు అంతదూరం పోవాల్సి వచ్చింది. అంత టెన్షన్ ఏ కుటుంబం తట్టుకోగలదు?

గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లవి వేరే తిప్పలు. తూటాలు కొనేటప్పుడు జరిగే మామూలు చెక్‌లో డ్రైవింగ్ లైసెన్సు మీది పేరు, చిరునామా మీ న్యాయశాఖ దగ్గరున్న తుపాకుల రికార్డుతో సరిపోవాలి. మేమేమో అద్దె ఇళ్లు మారుతూ ఉండేవాళ్లం. పైగా మా ఇంటిపేర్లు పాస్‌పోర్టులో ఒకలా, లైసెన్సులో ఇంకోలా పడుతుంటాయి. ఇల్లు మారాక నాకూ కౌంటర్ దగ్గర తిరస్కరణే ఎదురైంది. కారణమేంటో అక్కడున్న అబ్బాయి చెప్పలేకపోయాడు. వెనక నిలబడ్డవాళ్లు నన్ను నేరస్థుణ్ణి చూసినట్టు చూశారు. రికార్డులో చిరునామా మార్పిస్తే సరిపోతుందని ఆ తర్వాత ఇంకెవరో చెబితే తెలిసింది.

ఈ చెక్‌ల మీద ఒలింపిక్ షూటర్ కిమ్ రోడ్ 2018లో వేసిన కేసు ఎటు తేలినా, నేను అడిగేవాటికి కోర్టు తీర్పుతో పని లేదు. మీ శాఖ ఒక్క పేజీ వేయాలి. అందులో కేసు, ప్రైమర్, బులెట్, పౌడర్, నింపిన తూటా, ఒక్కోదాని ఎదురుగా రాష్ట్ర చట్టం ఏమంటుందో, ఫెడరల్ చట్టం ఏమంటుందో, ఏ వీసా వాళ్లకు ఏది వర్తిస్తుందో ఉండాలి. నేను నింపిన తూటాలు పెద్దవాడైన నా కొడుక్కి ఇవ్వొచ్చు గానీ, పక్కింటి స్నేహితుడికి ఇవ్వాలంటే లైసెన్సున్న దుకాణం మధ్యలో ఉండాలి. అమ్మకం వ్యాపారంగా పెట్టుకుంటే ఫెడరల్ లైసెన్సు కావాలి. ఇవి కూడా అక్కడే రాయండి. ఫెడరల్ చట్టాన్ని మార్చడం మీ చేతిలో లేదని తెలుసు. అది ఉందని చెప్పడం మాత్రం మీ చేతిలోనే ఉంది.

మీరు ఫిలిప్పీన్స్‌లో పుట్టి పసితనంలోనే ఇక్కడికి వచ్చినవారు. ఇంగ్లిష్ చట్టభాష చదవలేక వలస కుటుంబాలు పడే అవస్థ మీకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ పేజీ తెలుగులో, పంజాబీలో, టాగలోగ్‌లో, స్పానిష్‌లో కూడా రావాలి. అద్దెకు తుపాకీ ఇచ్చే ప్రతి రేంజ్‌లో, సంతకం పెట్టే ఫారం పక్కనే అది కనిపించాలి. చెక్‌లో తిరస్కరణ వస్తే కారణమేంటో, ఎలా సరిచేసుకోవాలో అక్కడికక్కడే కాగితం మీద ఇచ్చే ఏర్పాటు చేయండి. వీటిలో ఏవి చేయగలరో, ఎప్పటిలోగా చేస్తారో రాతపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాను.

ఇట్లు,
బే ఏరియా నుంచి ఒక తెలుగు రీలోడర్