ఫిక్స్‌డ్ బయాస్ అంటే బిగించి వదిలేసేది కాదు

సంపాదకుల వారికి,

ట్యూబ్ ఆంప్లిఫయర్ల మీద మీరు వేసిన వ్యాసంలో గాజు ట్యూబుల వెలుగు గురించి బోలెడంత ఉంది, గ్రిడ్ బయాస్ (ట్యూబులో కరెంటుని అదుపు చేసే గ్రిడ్ అనే తీగ జాలీకి ఇచ్చే నెగటివ్ వోల్టేజి) ఊసే లేదు. పైగా అవుట్‌పుట్ ట్యూబులు తీసి కొత్తవి పెట్టుకుంటే చాలన్నారు. నేనూ ఒకసారి అలాగే పెట్టాను. పాత ఈఎల్34లు (ఒక రకం అవుట్‌పుట్ ట్యూబులు) పీకి కొత్తవి గుచ్చి పాటలు వింటూ కూర్చుంటే, పది నిమిషాల్లో ఒకదాని ప్లేట్ (ఎలక్ట్రాన్లు వచ్చి చేరే లోపలి రేకు) మీద చిన్న ఎర్ర మచ్చ లేచింది. ఫిలమెంటు వెలుగేమో అనుకున్నాను, కాదు, రేకే నిప్పులా కాలుతోంది!

గ్రిడ్‌ని కేథోడ్ (ఎలక్ట్రాన్లు బయలుదేరే భాగం) కంటే నెగటివ్‌లో ఉంచితేనే ట్యూబులో కరెంటు అదుపులో ఉంటుంది. ఆ నెగటివ్ తగ్గితే కరెంటు పెరిగిపోతుంది. ఈఎల్34 ప్లేట్ తట్టుకునేది 25 వాట్లు. 450 వోల్టుల దగ్గర 35 మిల్లీ ఆంప్స్ అయితే 16 వాట్లు కూడా దాటదు, అదే 60 అయితే 27 వాట్లు. నెగటివ్ మరీ ఎక్కువైతే ట్యూబు చల్లగానే ఉంటుంది గానీ, పుష్‌పుల్‌లో (రెండు ట్యూబులు సిగ్నల్‌ని పంచుకుని మోసే పద్ధతి) ఒక ట్యూబు వదిలేసిన సిగ్నల్‌ని రెండోది అందుకునేలోపు ఖాళీ వస్తుంది, అది చిన్న వాల్యూమ్‌లోనే గరగరమని బాగా తెలుస్తుంది. ఒకే నంబరున్న రెండు ట్యూబులు ఒకే బయాస్‌కి వేర్వేరు కరెంటు లాగడం మామూలే.

అసలు గొడవంతా ఫిక్స్‌డ్ బయాస్ అనే పేరుతోనే, వింటే ఒకసారి బిగిస్తే చాలనిపిస్తుంది. కేథోడ్ బయాస్‌లో కరెంటు పెరిగితే కేథోడ్ కింద ఉన్న రెసిస్టర్ మీద వోల్టేజి పెరిగి గ్రిడ్‌ని మరింత నెగటివ్ చేస్తుంది, కాబట్టి చాలావరకు తనంతట తానే సర్దుకుంటుంది. ఫిక్స్‌డ్ బయాస్‌లో ఆ నెగటివ్ వేరే సప్లై నుంచి వస్తుంది, ట్యూబు మారినా దానికి తెలియదు, ప్రీసెట్ (బయాస్ సర్దే చిన్న తిప్పుడు రెసిస్టర్) తిప్పాల్సింది మనమే. కేథోడ్‌కి 1 ఓమ్ రెసిస్టర్ ఉంటే మీటర్‌లో 35 మిల్లీవోల్టులు అంటే 35 మిల్లీ ఆంప్స్ (అందులో స్క్రీన్ అనే మరో గ్రిడ్ లాగే కరెంటు కాస్త కలిసే ఉంటుంది). ట్యూబుల్ని అటూఇటూ మార్చినా ఎరుపు అదే సాకెట్లో వస్తుంటే మాత్రం ట్యూబుని తిట్టకండి, కప్లింగ్ కెపాసిటర్ (ముందు దశ నుంచి సిగ్నల్‌ని మాత్రమే గ్రిడ్‌కి పంపేది) లీకై గ్రిడ్ మీదికి పాజిటివ్ వస్తోందేమో చూడండి.

స్విచ్ ఆపినా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. అలవాటు లేనివాళ్లు పెట్టె విప్పకుండా మెకానిక్‌కి ఇవ్వడమే మేలు. ఈ రెండు ముక్కలూ సవరణగా వేయండి, ఆ వ్యాసం చదివి ఈపాటికే ట్యూబులు కొన్నవాళ్లు ఉంటారు.

ఒక పాఠకుడు