హద్దు పెంచితే స్టాక్ పెరగదు

సంపాదకులకు నమస్కారం.

లినక్స్ డ్రైవర్లు రాసేవారి కోసం మీ సాంకేతిక పేజీలో వచ్చిన వ్యాసంలో, ‘ఫ్రేమ్ సైజు 2048 బైట్లు దాటింది’ అని కంపైలర్ హెచ్చరిస్తే కాన్ఫిగ్‌లో ఫ్రేమ్ వార్న్ విలువ పెంచుకోమన్నారు. ఫ్రేమ్ అంటే ఒక ఫంక్షన్ తన లోకల్ వేరియబుల్స్ వగైరా కోసం స్టాక్ అనే మెమరీలో తీసుకునే చోటు; ఫ్రేమ్ వార్న్ ఆ హెచ్చరికకు హద్దు. దాన్ని పెంచితే మూతపడేది కంపైలర్ నోరే. 64 బిట్ ఎక్స్86 మీద ఒక్కో థ్రెడ్‌కు కెర్నెల్ స్టాక్ 16 కేబీ, 2014లో 3.15 వెర్షన్ దాకా అదీ 8 కేబీయే. సిస్టమ్ కాల్ మొదలు ఫైల్ సిస్టమ్, బ్లాక్ లేయర్, డ్రైవర్ దాకా అందరూ అందులోనే సర్దుకోవాలి.

ముందు ఆ బైట్లను ఎవరు తింటున్నారో చూడాలి. ‘మేక్ చెక్‌స్టాక్’ నడిపితే పెద్ద ఫ్రేములున్న ఫంక్షన్లు వరుసగా వస్తాయి. హెచ్చరికలో పేరున్న ఫంక్షన్ చాలాసార్లు నిర్దోషి: అది పిలిచే చిన్న ఫంక్షన్లను కంపైలర్ దానిలోకే ఇన్‌లైన్ చేయడంతో, అంటే వాటి కోడ్‌ను అందులోనే కలిపేయడంతో, వాటి బఫర్లన్నీ దీని ఖాతాలో పడతాయి. మెమరీ తప్పులు పట్టే కేసాన్ సాధనం పెట్టి బిల్డ్ చేస్తే ఇంకా ఉబ్బుతుంది. ఒక్కో లోకల్ వేరియబుల్ చుట్టూ కాపలా బైట్లు చేరతాయి, వేర్వేరు బ్లాకుల్లోని వేరియబుల్స్ ఒకే చోటును పంచుకోవడమూ తగ్గుతుంది. కేసాన్ తీసేస్తే హెచ్చరిక పోతుందేమో తప్పక చూసుకోవాలి.

మారని పట్టికైతే ‘స్టాటిక్ కాన్‌స్ట్’ చాలు, అది స్టాక్‌లో చోటు తీసుకోదు. మారే బఫర్‌కు ఉత్త ‘స్టాటిక్’ తగిలించడం మాత్రం తెలిసి తెలిసి గోతిలో దిగడమే: అందరికీ ఒకటే బఫర్ కనుక రెండు సీపీయూలు ఒకేసారి అందులో రాయొచ్చు. పెద్ద స్ట్రక్చర్‌కు స్టాక్ బయట మెమరీని కేమాలాక్ ఫంక్షన్‌తో తెచ్చుకోవచ్చు. అయితే నిద్రపోకూడని తాళమైన స్పిన్‌లాక్ పట్టుకుని ఉండగా, కేమాలాక్‌కు ఇచ్చే ‘జీఎఫ్‌పీ కెర్నెల్’ ఫ్లాగ్ పనికిరాదు, దానితో కేమాలాక్ నిద్రపోవచ్చు. మెమరీ దొరక్క నల్ వచ్చిందేమో చూడాలి, లోపం వచ్చి బయటికెళ్లే ప్రతిచోటా కూడా ఆ మెమరీని తిరిగిచ్చే కేఫ్రీ ఉండాలి.

బఫర్ వాడే భాగాన్ని విడి ఫంక్షన్ చేసి దాన్ని ఇన్‌లైన్ చేయొద్దని చెప్పే ‘నోఇన్‌లైన్ ఫర్ స్టాక్’ గుర్తు పెట్టడం మరో దారి. లోతైన కాల్స్ మొదలయ్యేలోపు ఆ ఫంక్షన్ తన పని ముగించి తిరిగొస్తేనే ఇది లాభం. ఆ కాల్స్ కూడా దాని లోపలి నుంచే వెళ్తుంటే హెచ్చరిక పోతుంది, మొత్తం భారం తగ్గదు.

ఇంకొకటి: కంపైలర్ ఒక్కో ఫంక్షన్‌నే కొలుస్తుంది. 1,500 బైట్ల ఫంక్షన్లు పన్నెండు ఒకదాన్నొకటి పిలిస్తే ఒక్క హెచ్చరికా రాదు, కానీ 18,000 బైట్లు కావాలి. దీనికి, నడుస్తుండగా స్టాక్ వాడకాన్ని కొలిచే కెర్నెల్ స్టాక్ ట్రేసర్‌ను ఆన్ చేసి, డ్రైవర్‌పై పూర్తి లోడ్ పెట్టి, ట్రేసింగ్ డైరెక్టరీలోని ‘స్టాక్ మ్యాక్స్ సైజ్’, ‘స్టాక్ ట్రేస్’ ఫైళ్లు చదవాలి. అత్యంత లోతుకు వెళ్లిన దారి, అందులో ఎవరి వాటా ఎంతో అక్కడ కనబడుతుంది.

ఇట్లు,
కొందరు కెర్నెల్ ఇంజినీర్లు, హైదరాబాద్