షెడ్డు టీవీలో రెండు కొబ్బరి చెట్లు: తప్పు నాదే

మా దగ్గర చెరువు గట్ల మీద కెమెరాలు పెట్టించుకున్నవారికి ఒక మాట చెప్పాలి. పోయిన సీజన్‌లో నేను ఇచ్చిన కొన్ని కనెక్షన్లలో తప్పుంది. కేబుల్ మంచిదే, కెమెరాలూ మంచివే. నేను చెప్పిన లెక్కే తప్పు.

ఉండి ఊరి దగ్గర ఒక రొయ్యల రైతు ఫోన్ చేశారు. "షెడ్డులో ఒక ఏరియేటర్ రెండుగా కనపడతందండీ, ఇంటికాడ బాగానే ఉంది" అన్నారు. వెళ్లి చూస్తే నిజమే. షెడ్డు తెర మీద గట్టున ఉన్న కొబ్బరి చెట్టును ఆనుకుని, అంగుళంలో మూడో వంతు ఎడంలో, ఇంకో కొబ్బరి చెట్టు!

అక్కడ లైను 200 మీటర్లు. ఒక కొసన పాత అనలాగ్ కెమెరా, రెండో కొసన ఇల్లు, సగంలో మోటారు షెడ్డు. అప్పట్లో ఇంట్లో బొమ్మ డల్‌గా ఉందని మానిటర్ వెనకున్న 75 ఓముల స్విచ్‌ని 'హై' వైపు నెట్టాను. 75 వైపు ఉంటే కేబుల్ కొసకి 75 ఓముల రెసిస్టర్ తగులుతుంది, 'హై' అంటే అది తీసేసినట్టే. బొమ్మ వెలిగిపోయింది. "కెమెరాలో 75 ఓములుంది, కేబులూ 75, ఇంక రిఫ్లెక్షన్, అంటే సిగ్నల్ కొసన తగిలి వెనక్కి రావడం, ఎక్కడిది?" అని ఆయనకి ధీమాగా చెప్పొచ్చాను. మీలో చాలామందికీ ఇదే చెప్పాను.

ఆదివారం షాపు షట్టర్ దించి, 200 మీటర్ల కేబుల్ చుట్ట పరిచి పరీక్షించాను. నా సిగ్నల్ జనరేటర్ 50 ఓములది. నాలుగు 100 ఓముల రెసిస్టర్లు ప్యారలల్‌గా కడితే 25, అది కలిపి మొత్తం 75 చేశాను. అవతలి కొసన ఏమీ తగిలించకుండా వదిలేశాను, 'హై' స్విచ్ లాగే. 2 వోల్టుల మెట్టు, అంటే ఒక్కసారిగా పెరిగే వోల్టేజి, పంపితే లైన్లోకి వెళ్లేది 1 వోల్టే. మైక్రోసెకనుకి అది కొసకి చేరి, అక్కడ రెట్టింపై 2 వోల్టులైంది. కొసన మెట్టు శుభ్రంగా ఉంది, రైతు ఇంట్లో బొమ్మలాగే. కానీ మధ్యలో స్కోప్ (వోల్టేజిని తెర మీద గీతగా చూపించే పరికరం) పెడితే ముందు 1 వోల్టు, ఇంకో మైక్రోసెకను ఆగి 2 వోల్టులు. వెళ్లేటప్పుడు ఒకసారి, కొసన తగిలి వెనక్కొచ్చేటప్పుడు ఒకసారి.

టీవీలో ఒక గీత గీసే టైము 52 మైక్రోసెకన్లు. అందులో ఒక మైక్రోసెకను అంటే పదిహేడు అంగుళాల వెడల్పున్న తెర మీద ఆ మూడో వంతు అంగుళమే. లెక్క అలా కుదిరేసరికి సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియలేదు.

కెమెరా వైపు 75 ఉంటే రిఫ్లెక్షన్ పుట్టకుండా ఆగదు. వెనక్కొచ్చిన దాన్ని మింగేస్తుంది, అంతే. కాలవలో లాకు తలుపు మూసి ఉంటే అల దానికి కొట్టుకుని తిరిగొస్తుంది కదా, ఈ ఒడ్డున ఏమున్నా. అలాగని కెమెరా వైపు 75 దండగా అంటే అదీ కాదు. ఆ నాలుగు రెసిస్టర్లూ పీకేసి చూస్తే వెనక్కొచ్చింది పూర్తిగా చావక మళ్లీ కొసకి పరిగెత్తింది, అక్కడ కూడా వోల్టేజి మెట్లు మెట్లుగా ఊగింది. చివరికి జనరేటర్ 75 చేసి, అవతలి కొసన కూడా 75 పెట్టాను. మొదట్లో, మధ్యలో, కొసన, మూడు చోట్లా 1 వోల్టే, రెండో మెట్టు మాయం.

కాబట్టి ఒకే కేబుల్ మీద రెండు మానిటర్లుంటే, చివరిదాని స్విచ్ 75 వైపు, మధ్యదాని స్విచ్ 'హై' వైపు ఉండాలి. మీరే మార్చి చూడొచ్చు. బొమ్మ మళ్లీ డల్ అవుతుంది, అది నిజం. దానికి కెమెరా దగ్గర వీడియో యాంప్లిఫయర్ పెట్టాలి. మధ్యలో మామూలు టీవీని టీ కనెక్టర్‌తో కలిపినవాళ్లు మాత్రం ముట్టుకోవద్దు. దాని లోపలే 75 ఓములుంటుంది, స్విచ్ ఉండదు. దానికి ఒక్కో తెరకీ సిగ్నల్ విడిగా పంచే డిస్ట్రిబ్యూటర్ బాక్సే దారి.

నేను తప్పు చెప్పి పెట్టిన చోట్ల బాక్సుగానీ యాంప్లిఫయర్‌గానీ, కూలీతో సహా ఖర్చు నాదే. ఇంట్లో ఒక్క టీవీయే ఉండి బొమ్మ బాగుంటే నన్ను పిలవకండి, అక్కడ ఏ ఇబ్బందీ లేదు. ఉండి, ఆకివీడు వైపు ఈ వారం వస్తున్నాను, పాలకొల్లు వైపు వచ్చే వారం. వచ్చినప్పుడు ఉప్పుగాలికి పచ్చబడిన కనెక్టర్లు కూడా మార్చేస్తాను, వాటికి మాత్రం డబ్బులు తీసుకుంటానండీ.